పాఠం చెప్పే తెర, ప్రశ్న అడిగే తెర

ఈమధ్య టీచర్లకు పెట్టిన ఒక శిక్షణ తరగతికి వెళ్లాను. కొత్త డిజిటల్ పాఠాలను పరిచయం చేయడానికి వచ్చినాయన ఓపికగా, ఇష్టంగా మాట్లాడారు. రక్తప్రసరణ పాఠాన్ని తెర మీద వేసి చూపించారు. గుండె గదులు ముడుచుకోవడం, కవాటాలు తెరుచుకోవడం, ఊపిరితిత్తుల దాకా వెళ్లిన నీలం రంగు ఎరుపై తిరిగి రావడం, అంతా కళ్లకు కట్టినట్టు ఉంది. ఆఖర్న ఆయన, "ఇక మీరు గొంతు నొప్పి పుట్టేలా పాఠం చెప్పనక్కర్లేదు. తెర చెబుతుంది, పిల్లలు చూసి నేర్చుకుంటారు" అన్నారు. గదిలో చాలా తలలు ఊగాయి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడి మాట్లాడేవాళ్లకు ఆ మాట ఎంత ఊరటో నాకు తెలుసు.

నా ఆలోచన మాత్రం అక్కడే చిక్కుకుపోయింది. మన క్లాసుల్లో పాఠం చెప్పేవాళ్లకు కరువొచ్చిందా? పుస్తకం చెబుతోంది, టీచరు చెబుతోంది, ట్యూషన్‌లో ఇంకొకరు చెబుతున్నారు, ఫోన్ తెరిస్తే అదే పాఠం పది గొంతుల్లో వినిపిస్తోంది. గది నిండా పిల్లలున్నప్పుడు ఒక్కొక్కరి దగ్గరా ఆగి, "ఏదీ, నువ్వు చేసి చూపించు" అని అడిగి, చేసేదాకా ఓపిక పట్టి, ఎక్కడ దారి తప్పారో చూసే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. నిజమైన కరువు అక్కడుంది. చదువులో డిజిటల్ సాధనాల మీద పెట్టే డబ్బూ శ్రమా ముందుగా ఈ కరువు తీర్చడానికే వెళ్లాలని నా అభిప్రాయం. యంత్రం పిల్లలకు చెప్పడం తగ్గించి, పిల్లల్ని అడగడం పెంచాలి. అడిగాక వచ్చిన జవాబు ఒక మనిషి చెవిన పడాలి. ఈ రెండో మాట మీద నాకు మొదట్లో ఇంత పట్టింపు లేదు. చదివేకొద్దీ, క్లాసులో చూసేకొద్దీ మొదటి మాటకన్నా అదే ముఖ్యమనిపిస్తోంది.

ప్రతి తరానికీ ఒక కొత్త యంత్రం

ఇలాంటి హామీలు కొత్తవి కావు. బడుల్లో పుస్తకాల పని త్వరలోనే అయిపోతుందని, చదువంతా సినిమా బొమ్మల ద్వారా కంటితోనే సాగుతుందని, పదేళ్లలో బడి పూర్తిగా మారిపోతుందని థామస్ ఎడిసన్ 1913లోనే ప్రకటించాడు. తర్వాత రేడియో వచ్చినప్పుడూ, టీవీ వచ్చినప్పుడూ, కంప్యూటర్ వచ్చినప్పుడూ ఇంచుమించు అదే మాట మళ్లీ వినబడింది.

పిల్లవాడికో ల్యాప్‌టాప్ ఇస్తే చాలన్న ఆలోచనను ఎంఐటీ మీడియా ల్యాబ్ స్థాపకుల్లో ఒకడైన నికొలాస్ నెగ్రోపాంటే 2005లో ప్రపంచం ముందు పెట్టాడు. ఆ యంత్రాల్ని అన్ని దేశాలకన్నా ఎక్కువగా పంచిన దేశం పెరూ. అక్కడ 319 గ్రామీణ బడుల్లో జరిపిన పరిశీలన 2012లో బయటికి వచ్చింది. యంత్రాలు చేరి ఏడాది దాటినా లెక్కల్లో గానీ భాషలో గానీ మార్కులు కదల్లేదు. పిల్లలు కంప్యూటర్ వాడటం బాగా పెరిగింది. ఆలోచనా శక్తిని కొలిచే కొన్ని పరీక్షల్లో కొంత మెరుగుదల కనిపించింది, ఆ సంగతి దాచకూడదు. కానీ యంత్రం దేనికోసం వచ్చిందో ఆ చదువు మాత్రం ఉన్నచోటే ఉంది. 2015లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ) కూడా తన నివేదికలో, బడుల్లో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చు పెట్టిన దేశాల్లో చదవడం, లెక్కలు, సైన్సు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదని రాసింది.

రిచర్డ్ క్లార్క్ అనే విద్యా పరిశోధకుడు 1983లో దీని గురించి ఒక పోలిక చెప్పాడు. సరుకులు మోసుకొచ్చే లారీ మన ఒంటికి బలం ఇవ్వదు, బలం ఇచ్చేది లోపలున్న సరుకు. పాఠాన్ని మోసుకొచ్చే సాధనమూ అంతేనన్నాడు. దీని మీద ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి. నేను అతనితో చాలావరకు ఒప్పుకుంటాను గానీ ఒకచోట ఆగుతాను. కొన్ని పనులు కొన్ని సాధనాలతోనే వీలవుతాయి. పిల్లలందరినీ ఒకే నిమిషంలో ఒకే ప్రశ్న అడిగి, అందరి జవాబులూ ఒకేసారి చూడటం నల్లబల్లతో కుదరదు. సాధనం మారితే అడిగే వీలు మారుతుంది.

ఆగి విన్న రేడియో

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ కంప్యూటర్లకు ముందుది. 1974లో మధ్య అమెరికాలోని నికరాగువాలో రేడియో ద్వారా లెక్కలు నేర్పే పని ఒకటి మొదలైంది. చిన్న తరగతుల పిల్లల కోసం స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అక్కడివాళ్లతో కలిసి తయారుచేసిన పాఠాలవి. రేడియో అంటే మనకు తెలిసిన ధోరణి ఒకటుంది: అది మాట్లాడుతూ పోతుంది, మనం వింటాం. ఈ పాఠాలు అలా నడవలేదు. రేడియోలోని గొంతు ఒక ప్రశ్న వేసి ఆగేది. గదిలో పిల్లలంతా గట్టిగా జవాబు చెప్పేవాళ్లు, లేదా కాగితం మీద రాసేవాళ్లు, లేదా గింజలో రాళ్లో లెక్కపెట్టేవాళ్లు. కాసేపటికి రేడియో సరైన జవాబు చెప్పి ఇంకో ప్రశ్నలోకి వెళ్లేది. ఆ క్లాసుల పిల్లలు మామూలు క్లాసుల పిల్లలకన్నా లెక్కల్లో స్పష్టంగా ముందుకు వెళ్లారు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది.

రేడియోకు వినబడదు. పిల్లలు ఏం చెప్పారో దానికి తెలియదు. అయినా పనిచేసింది, ఎందుకంటే ఆ నిశ్శబ్దంలో పని పిల్లల చేతికి వచ్చింది. ఇవాళ మన చేతిలో ఉన్న సాధనాలు దానికన్నా ఎన్నో రెట్లు శక్తిగలవి. వాటిలో ఎక్కువ భాగాన్ని మనం ఆగకుండా మాట్లాడటానికి వాడుతున్నాం. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

మళ్లీ చదవడమా, గుర్తు తెచ్చుకోవడమా

ఆ నిశ్శబ్దం ఎందుకు పనిచేస్తుందో చెప్పే ప్రయోగాల్లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించింది ఒకటి. కాలేజీ విద్యార్థులకు ఒక చిన్న వ్యాసం ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగు విడతలూ చదివారు. కొందరు ఒక విడత చదివి, మిగిలిన మూడు విడతలూ పుస్తకం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదువుతూ పోయినవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71 శాతం. వారం తర్వాత పెడితే తలకిందులైంది. చదువుతూ పోయినవాళ్లకు మిగిలింది 40 శాతం, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 61 శాతం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ ఐదు నిమిషాల అంకె. పాఠం అయిపోగానే పరీక్ష పెడితే, చెబుతూ పోయే పద్ధతే గెలిచినట్టు కనిపిస్తుంది. డిజిటల్ పాఠాలు చూపించేవాళ్లు చూపించేది ఆ ఐదు నిమిషాలే. చూసే మనకూ ఆ ఐదు నిమిషాలే కనిపిస్తాయి. వారం తర్వాత ఏమైందో చూడటానికి ఎవరూ తిరిగి రారు.

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో జరిగిన ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. బడి తర్వాత నడిచే కేంద్రాలకు 619 మందిలోంచి లాటరీ తీసి పిల్లల్ని పంపారు. ఆ పిల్లల్లో ఆరో తరగతివాళ్లు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. అంటే క్లాసులో టీచరు ఎంత చక్కగా చెప్పినా ఆ పాఠం వాళ్లకు అందే ఎత్తులో లేదు. సాఫ్ట్‌వేర్ ముందు ప్రశ్నలడిగి ప్రతి పిల్ల ఎక్కడ ఉందో కనుక్కుని, అక్కడినుంచి మొదలుపెట్టింది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో వచ్చిన తేడాను మామూలు మాటల్లో చెప్పాలంటే, వందమంది వరుసలో సరిగ్గా నడుమ ఉండే పిల్ల పైనుంచి ముప్పై ఆరో స్థానానికి దగ్గరగా వచ్చినట్టు. హిందీలోనూ మెరుగుపడ్డారు, కొంచెం తక్కువగా.

ఇది నా వాదనకు బలం అని చెప్పేసి ముందుకు వెళ్లిపోవచ్చు. కానీ ఆ కేంద్రాల్లో పిల్లలు సగం సమయమే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మిగతా సగం చిన్న గుంపుగా ఒక మనిషి దగ్గర కూర్చున్నారు. ఏ సగం ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేం. రెండూ కలిసే పనిచేశాయని నేను అనుకుంటాను, దానికి కారణం కాసేపట్లో చెబుతాను.

హాయిగా ఉన్నదే నేర్చుకున్నట్టు ఉంటుంది

ఇంత తెలిసీ చెప్పే తెరలే ఎందుకు ఎక్కువగా అమ్ముడవుతాయి? కొనేవాళ్లకు తెలియక అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. అడిగించుకోవడం ఎవరికీ హాయిగా ఉండదు. అసలు కారణం అదే.

2019లో హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చదివే విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒకే విషయాన్ని కొందరికి చక్కటి ఉపన్యాసంగా చెప్పారు, ఇంకొందరికి లెక్కలిచ్చి తామే తంటాలు పడేలా చేశారు. తర్వాత రెండో గుంపును మొదటి గుంపుగా, మొదటిదాన్ని రెండోదిగా మార్చి ఇంకో పాఠంతో అదే చేశారు. లెక్కలు చేసినవాళ్లు ఎక్కువ నేర్చుకున్నారని పరీక్షలో తేలింది. ఎక్కువ నేర్చుకున్నాం అని చెప్పింది మాత్రం ఉపన్యాసం విన్నవాళ్లు. చదువులో బాగా ఆరితేరిన ఆ వయసువాళ్లే తమ నేర్పుని తాము తప్పుగా అంచనా వేశారంటే పదేళ్ల పిల్లల సంగతి చెప్పక్కర్లేదు.

మా అన్నయ్య కూతురు ఒకరోజు నా పక్కన కూర్చుని కిరణజన్య సంయోగక్రియ వీడియో చూసింది. ఒకసారి చూసి, మళ్లీ వెనక్కి తిప్పి చూసి, "భలే ఉందత్తా, అంతా అర్థమైపోయింది" అంది. ఫోన్ పక్కన పెట్టించి, "చెట్టు తన ఆహారం దేంతో తయారుచేసుకుంటుందే?" అని అడిగాను. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "మట్టితో" అంది. వీడియోలో బొగ్గుపులుసు వాయువు ఆకుల్లోకి వెళ్లడం రెండుసార్లు చూసింది. చూసినంతసేపూ అది ఆమెదే అనిపించింది. అడిగిన క్షణంలో అంతకుముందు తలలో ఉన్న పాత నమ్మకమే బయటికి వచ్చింది. ఆ వీడియో తప్పేమీ చెప్పలేదు, చాలా బాగా తీశారు కూడా. కానీ ఆమె తలలో ఉన్న మట్టిని అది అడగనూ లేదు, కదపనూ లేదు.

అందుకే "పిల్లలకు బాగా నచ్చింది", "పిల్లలు కళ్లప్పగించి చూశారు" అనే మాటల్ని సాక్ష్యంగా తీసుకోవడం మానేశాను. ఇంట్లోవాళ్లకూ ఇది వర్తిస్తుంది. వీడియో చూస్తున్న పిల్ల చదువుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఒక లెక్క దగ్గర పావుగంట ఆగిపోయి, కొట్టేసి, మళ్లీ మొదలుపెట్టి, విసుక్కుంటున్న పిల్ల వెనకబడినట్టు కనిపిస్తుంది.

బెన్నీ కథ

ఇప్పుడు నా వాదనకు ఎదురుగా నిలబడేదాన్ని చెప్పాలి. "అడిగే యంత్రం" అంటూ నేను పొగుడుతున్నది కొత్తది కాదు. ప్రశ్న, జవాబు, వెంటనే ఒప్పో తప్పో చెప్పడం, సరిగ్గా చేస్తేనే తర్వాతి మెట్టు: ఇది 1950ల్లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ తయారుచేసిన బోధన యంత్రం. అది బడుల్లో నిలదొక్కుకోలేదు. ఆ తర్వాత అమెరికాలో అదే దారిలో, ఎవరి వేగంతో వాళ్లు కాగితాల మీద చేసుకుపోయే లెక్కల కార్యక్రమం ఒకటి వచ్చింది. పిల్లవాడు కాగితం పూర్తిచేస్తాడు, జవాబుల పట్టీతో సరిచూస్తారు, నూటికి ఎనభై వస్తే ముందుకు వెళ్తాడు.

ఆ కార్యక్రమంలో చదువుతున్న బెన్నీ అనే పన్నెండేళ్ల కుర్రాడితో ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు కూర్చుని మాట్లాడాడు. 1973లో ఆ మాటలు ప్రచురించాడు. బెన్నీ చురుకైనవాడు, క్లాసులో అందరికన్నా ముందున్నవాళ్లలో ఒకడు. టీచరు దృష్టిలో అతనికి ఏ ఇబ్బందీ లేదు. 2/10ని దశాంశంలో రాయమంటే 1.2 అని రాశాడు. లవాన్నీ హారాన్నీ కలిపి, నడుమ చుక్క పెట్టాడు. 4/11 ఎంత అంటే 1.5 అన్నాడు. 11/4 ఎంత అంటే అదీ 1.5 అన్నాడు. రెండూ ఒకటే ఎలా అవుతాయన్న అనుమానం అతనికి రాలేదు. లెక్కలంటే ఎవరో ఎప్పుడో పెట్టిన రకరకాల నియమాలని, జవాబుల పట్టీలో ఏముందో ఊహించి పట్టుకోవడమే తన పని అని నమ్మాడు. ఏళ్ల తరబడి అతన్ని అడుగుతూనే ఉన్నారు, అతను జవాబిస్తూనే ఉన్నాడు, మెట్లు ఎక్కుతూనే ఉన్నాడు. ఆ జవాబు నీకెలా వచ్చిందని అడిగినవాళ్లు లేరు.

ఇవాళ యాప్‌లో ఆకుపచ్చ గుర్తులు, నక్షత్రాలు, పూర్తయిన శాతం చూసి సంతోషించే ప్రతిచోటా బెన్నీలు ఉంటారని నా నమ్మకం. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలైతే మరీ సులువు. తెలియకపోయినా రెండింటిని కొట్టేసి మిగతా రెండింట్లో ఒకటి నొక్కొచ్చు. యంత్రం అడగడం ఒక్కటే సరిపోదని ఒప్పుకుంటున్నాను. అడగడం వినడంతో పూర్తవ్వాలి.

మా క్లాసులో జరిగింది చెబుతాను. పిల్లలు తమ పలకల్లాంటి ట్యాబ్‌ల మీద వేలితో రాస్తే అందరి రాతా నా తెర మీద వరుసగా కనిపించే ఏర్పాటు ఒకటి వాడుతున్నాం. 1/3, 1/4 కలపమన్నాను. చాలా తెరల మీద 2/7 కనిపించింది. ఎప్పుడూ ముందు చెయ్యెత్తే అమ్మాయి తెర మీదా అదే. నోటితో అడిగి ఉంటే చెయ్యెత్తినవాళ్లలో ఎవరో ఒకరు సరైన జవాబు చెప్పేవాళ్లు, క్లాసంతటికీ వచ్చినట్టే ఉండేది. ఇంతవరకు యంత్రం చేసిన మేలు, చాలా పెద్ద మేలు. యాప్ లెక్క ప్రకారమైతే ఆ తర్వాత 2/7 పక్కన ఎర్ర గుర్తు పడి, కింద హారాలు సమానం చేసే పద్ధతి వచ్చి ఉండాలి.

ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, "ఇదెలా వచ్చింది తల్లీ?" అన్నాను. తడుముకోలేదు. "టీచర్, మొదటి పరీక్షలో మూడింటికి ఒకటి కరెక్ట్ అయింది, రెండో పరీక్షలో నాలుగింటికి ఒకటి కరెక్ట్ అయింది. మొత్తం ఏడింటికి రెండే కదా?" అంది. ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆ రెండు పరీక్షల మార్కులు కలిపితే ఏడింటికి రెండే. తేడా ఎక్కడుందంటే, రొట్టెలో మూడో వంతూ నాలుగో వంతూ అన్నప్పుడు రెండు వంతులూ ఒకే రొట్టెవి. పరీక్షల్లో మూడు ఒక మొత్తం, నాలుగు ఇంకో మొత్తం. ఆ పీరియడ్ అంతా దాని మీదే గడిచింది. 2/7 అసలు 1/3 కన్నా చిన్నది కదా, ఉన్నదానికి కలిపితే తగ్గిందేమిటని ఇంకో పిల్లవాడు లేచి అడిగాడు. ఆ ప్రశ్న నేను అడుగుదామనుకున్నది, వాడే అడిగాడు.

ఏ ఎర్ర గుర్తూ ఆ పీరియడ్‌ని తెచ్చేది కాదు. అయితే తెరల మీద వరుసగా 2/7 కనిపించకపోతే ఆ అమ్మాయి దగ్గరికి నేను వెళ్లేదాన్నే కాదు, ఎందుకంటే ఆమెకు వచ్చని నాకు గట్టి నమ్మకం. యంత్రం నన్ను సరైన బెంచీ దగ్గరికి పంపింది. మిగతాది అక్కడికి వెళ్లాక జరిగింది.

జవాబు కోసం ఎవరో ఎదురుచూడాలి

2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు ఆఫ్రికాలోని బోత్స్వానాలో చేసిన ప్రయోగం కూడా ఇదే చూపిస్తుంది. నాలుగున్నర వేలకు పైగా కుటుంబాలు అందులో ఉన్నాయి. కొందరికి వారం వారం మామూలు ఫోన్‌కి చిన్న సందేశంలో కొన్ని లెక్కలు పంపారు. కొందరికి సందేశంతో పాటు ఒక టీచరో సహాయకులో ఫోన్ చేసి, పెద్దవాళ్లనూ పిల్లలనూ కలిపి పావుగంట, ఇరవై నిమిషాలు ఆ లెక్కలు మాట్లాడారు. సందేశం మాత్రమే వచ్చిన పిల్లల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఫోన్ వచ్చిన పిల్లలు నేర్చుకున్నారు. ప్రశ్న ఇద్దరికీ వెళ్లింది. ఒకరి విషయంలోనే అవతలి కొసన జవాబు కోసం మనిషి ఎదురుచూస్తున్నారు. ఇంటర్నెట్ లేదు, బొమ్మలు లేవు, తెర కూడా దాదాపు లేనట్టే.

కృత్రిమ మేధ వచ్చాక ఆ ఎదురుచూపు కూడా యంత్రమే చేయగలదన్న ఆశ మొదలైంది. అది విసుక్కోదు, అర్ధరాత్రి అడిగినా పలుకుతుంది, "ఎలా చేశావు?" అని అడగనూ గలదు. నాకూ దీని మీద ఆశ ఉంది, భయం కూడా ఉంది. టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు పిల్లలతో చేసిన ప్రయోగం నా భయానికి ఆధారం. మామూలు చాట్‌బాట్‌ని ఇచ్చినప్పుడు అభ్యాసం లెక్కల్లో పిల్లల ఫలితం 48 శాతం పెరిగింది. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, ఎప్పుడూ వాడని పిల్లలకన్నా 17 శాతం తక్కువ వచ్చింది. జవాబు నేరుగా చెప్పకుండా టీచర్లు రాసిన సూచనలతో దారి చూపేలా మార్చిన చాట్‌బాట్‌ని ఇంకో గుంపుకు ఇచ్చారు. అభ్యాసంలో వాళ్ల ఫలితం 127 శాతం పెరిగింది. పరీక్షలో వాళ్లకు నష్టం దాదాపు కనిపించలేదు. కానీ లాభమూ కనిపించలేదు. అడిగేలా మలిచిన యంత్రం హాని తప్పించింది, అంతవరకే. నా వాదనకు ఇంతకన్నా ఎక్కువ మద్దతు ఈ ప్రయోగంలోంచి పిండుకోవడం న్యాయం కాదు. ఇంకా మెరుగ్గా అడిగే యంత్రాలు రావొచ్చు. వస్తే సంతోషంగా వాడతాను, వారం తర్వాత పరీక్ష పెట్టి చూశాకే.

నా వాదన చెల్లని చోట్లు

టీచరే లేని చోట, లేదా ఆ విషయం తెలిసిన టీచరు లేని చోట, చక్కగా వివరించే వీడియో ఒక వరం. పెద్ద తరగతుల్లో, తమంతట తాము నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్లకు వివరణ దొరకడమే కష్టం, దొరికితే మిగతాది వాళ్లే చూసుకుంటారు. అయితే అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారన్నది గుర్తుంచుకోవాలి. ఎడెక్స్ అనే వెబ్‌సైట్‌లో హార్వర్డ్, ఎంఐటీలు నడిపిన ఆన్‌లైన్ కోర్సుల్లో 2017-18లో చేరినవాళ్లందరిలో పూర్తిచేసినవాళ్లు 3.13 శాతం.

చూపు లేని పిల్లలకు తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, వినికిడి లేని పిల్లలకు వీడియో కింద వచ్చే అక్షరాలు, చేతులు సరిగ్గా ఆడని పిల్లలకు మాటను రాతగా మార్చే ఏర్పాటు: వీటిని నా కొలబద్దతో అసలు కొలవకూడదు. అవి అడుగుతున్నాయా చెబుతున్నాయా అన్న ప్రశ్నే అక్కడ తప్పు. మిగతా పిల్లలకు తలుపు తీసే ఉంది, వీళ్లకు తలుపు తీసేవి ఇవే. బడిలో ఒక్క డిజిటల్ సాధనానికే డబ్బుందంటే ముందు వీటికి పెట్టమంటాను, వేరే ఏ లెక్కా చూడకుండా.

తప్పు చేసే చోటు

అడిగే యంత్రం వెంట ఒక ప్రమాదం కూడా వస్తుంది. దీని గురించి టీచర్లమే తక్కువ మాట్లాడుతున్నాం. చెప్పే తెర పిల్లల గురించి ఏమీ తెలుసుకోదు. అడిగే తెర ప్రతి జవాబునూ, ప్రతి తడబాటునూ, ఎన్ని క్షణాలు ఆలోచించిందీ ఎన్నిసార్లు కొట్టేసిందీ దాచుకుంటుంది. హ్యూమన్ రైట్స్ వాచ్ అనే అంతర్జాతీయ మానవ హక్కుల సంస్థ 2022లో ఇచ్చిన నివేదికలో, కోవిడ్ కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు పిల్లల చదువు కోసం సిఫారసు చేసిన సాధనాలను పరిశీలించింది. వాటిలో 89 శాతం, పిల్లల సమాచారం విషయంలో వాళ్ల హక్కులకు ముప్పు తెచ్చేలా, లేదా ఆ హక్కుల్ని నేరుగా ఉల్లంఘించేలా నడుచుకున్నాయని రాసింది.

పలక మీద చేసిన తప్పు చేత్తో తుడిస్తే పోయేది. మా క్లాసులో ఆ అమ్మాయి రాసిన 2/7 ఆ పీరియడ్‌తో పోయింది, ఆమె భిన్నాలు నేర్చుకుంది. అదే ఒక కంపెనీ సర్వర్‌లో "భిన్నాల్లో బలహీనం" అని పేరు పక్కన నిలిచిపోతే, పై తరగతి టీచరు ఆమెను చూడకముందే ఆ మాట చూస్తే, ఆ అమ్మాయి ఇంకోసారి అంత ధైర్యంగా తను అనుకున్నది రాస్తుందా? పిల్లలు తమ జవాబును ఎక్కడో లెక్కేస్తున్నారని పసిగట్టిన రోజున, తెలిసినట్టు కనిపించే జవాబే రాస్తారు. అప్పుడు అడిగీ లాభం లేదు.

కాబట్టి మా బడికి ఏ కొత్త సాధనం వచ్చినా దాన్ని చూపించేవాళ్లను నేను అడిగేవి ఇవి. పిల్లలు రాసిన జవాబు, ఒప్పు తప్పు గుర్తు మాత్రమే కాకుండా రాసింది రాసినట్టుగా, నాకు కనిపిస్తుందా? అది ఇంకెవరికి కనిపిస్తుంది? ఏడాది చివర నేను చెరిపేయమంటే చెరిగిపోతుందా? శిక్షణకు వచ్చినాయనను కూడా టీ విరామంలో పక్కకు పిలిచి అడిగాను. మొదటి రెండింటికీ తను కనుక్కుని చెబుతానన్నారు. మూడోది తనను ఇంతవరకు ఎవరూ అడగలేదన్నారు, కాగితం మీద రాసుకున్నారు. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా అడుగుతూ ఉంటాను. మీ బడిలోనూ అడగండి.